హైదరాబాద్ నుంచి విజయవాడ మారితే నిజంగా ఎంత మిగులుతుంది?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం, చదివేవాళ్లకూ అర్థమవుతుంది. మీరు వనస్థలిపురంలో 17 వేల అద్దెకు ఉంటున్నారు. రాయదుర్గంలో ఉద్యోగం, చేతికి 92 వేలు వస్తోంది. మీ ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 24 వేలు. పిల్లలు ఒకరు 8వ తరగతి, ఒకరు 3వ తరగతి. అమ్మానాన్న తెనాలిలో సొంత ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు మంగళగిరిలో ఒక కంపెనీ చేతికి 78 వేలు ఇస్తానంటోంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్ చూస్తే విజయవాడలో ఖర్చు పాతిక శాతం తక్కువ అంటోంది, కాబట్టి 78 వేలు అంటే హైదరాబాద్‌లో లక్షతో సమానం కదా అని అడిగారు.

కాదండీ. మీ విషయంలో మాత్రం కాదు. నేను విజయవాడలో జీతాల లెక్కలు, ఇన్‌కమ్‌టాక్సు పని చూస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఇదే పని చేశాను. అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు, ఇటు నుంచి అటు పోయేవాళ్లు ఆఫర్ లెటర్ పట్టుకుని వస్తూనే ఉంటారు. అందరికీ చెప్పేది ఒకటే: రెండు రాష్ట్రాలను పోల్చకండి, మీరు ఇప్పుడు ఖర్చు పెడుతున్న పద్దులను ఒక్కొక్కటిగా అక్కడికి మార్చి చూడండి.

ఆ కాలిక్యులేటర్లు ఎలా పనిచేస్తాయో తెలిస్తే వాటి మీద అంత నమ్మకం పెట్టుకోరు. ఎవరో నలుగురు వచ్చి తమ ఊళ్లో అద్దె ఇంత, పాలు ఇంత అని నింపిపోతారు, దాని సగటు తీస్తారు. హైదరాబాద్‌కు నింపేవాళ్లలో ఎక్కువమంది గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండే ఐటీ వాళ్లు. విజయవాడకు నింపేవాళ్లే తక్కువ. ఇంకొందరు ధరల సూచీ చూసి ఫలానా ఊళ్లో అంకె ఎక్కువుంది కాబట్టి అక్కడ ఖరీదు ఎక్కువ అంటారు. అదీ సరికాదు. కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీలో ప్రతి కేంద్రానికీ 2016 ధరలను 100గా తీసుకుంటారు. ఆ ఊళ్లో అప్పటి నుంచి ధరలు ఎంత పెరిగాయో అది చెబుతుంది. ఈ ఊరు ఖరీదా, ఆ ఊరు ఖరీదా అన్నది దాంట్లోంచి రాదు.

ముందు మారనివి తీసేద్దాం. ఇన్‌కమ్‌టాక్సు కేంద్రానిది, ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే. 2025-26 నుంచి కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి ఏడాదికి 12.75 లక్షల జీతం దాకా పన్నే లేదు, కాబట్టి అక్కడ తేడా రాదు. జీఎస్టీ ఒకటే. వృత్తి పన్ను రెండు చోట్లా ఉమ్మడి రాష్ట్రంలోని 1987 చట్టం నుంచి వచ్చిందే, 20 వేలు దాటిన జీతానికి అక్కడా నెలకు 200, ఇక్కడా 200. ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం. సబ్బులు, నూనె ప్యాకెట్లు, సెల్‌ఫోన్ రీచార్జి అన్నీ ఎమ్మార్పీయే. మీ జీతంలో కొంత భాగం ఇలాంటి వాటికే పోతుంది, దాని మీద ఊరి ప్రభావం ఏమీ ఉండదు.

ఇక అద్దె. అందరూ మిగులు ఇక్కడే ఉందనుకుంటారు. నిజమే, గచ్చిబౌలిలో ముప్ఫై అయిదు వేలు కట్టేవాడు విజయవాడ పటమటకు వస్తే సగానికి సగం మిగులుతుంది. కానీ మీరు వనస్థలిపురంలో ఉన్నారు. విజయవాడ హైవే పక్కన, మన ఆంధ్రావాళ్లు ఎక్కువగా ఉండే ఏరియా, హైదరాబాద్ మొత్తంలో అద్దెలు కాస్త అందుబాటులో ఉండే చోటు. అదే డబుల్ బెడ్‌రూమ్, లిఫ్టు, కారు పార్కింగు ఉన్నది పటమటలోనో మొగల్రాజపురంలోనో లబ్బీపేటలోనో చూస్తే 15 నుంచి 20 వేల మధ్య అడుగుతున్నారు. కానూరు, పోరంకి, యనమలకుదురు వైపు వెళ్తే రెండు మూడు వేలు తగ్గుతుంది. అంటే మీకు అద్దెలో మిగిలేది వెయ్యో, రెండు వేలో, ఒక్కోసారి ఏమీ ఉండదు. విజయవాడ అద్దెలు 2016లో సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి వచ్చినప్పుడు ఒకసారి ఎగిశాయి, మధ్యలో చల్లబడ్డాయి, 2025 మేలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక ఓనర్లకు ధైర్యం వచ్చింది. మంగళగిరి, తాడేపల్లి అయితే చెప్పనక్కర్లేదు.

తక్కువ అద్దెకు దొరికిందని సింగ్‌నగర్, పాయకాపురం వైపు గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి ఆ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బైకు అన్నీ పోయిన ఇళ్లు చూశాను. ఫస్ట్ ఫ్లోర్ అయితే చూడండి. గోడ మీద నీటి చార కనిపిస్తుందేమో చూడండి, కొత్తగా రంగులేసి ఉంటే పక్కింటివాళ్లను అడగండి, నిజమే చెబుతారు. అడ్వాన్సు రెండు చోట్లా రెండు మూడు నెలల అద్దెకు మించదు. ఆషాఢంలో, మూఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి అప్పుడు ఖాళీగా ఉన్న ఇంటికి బేరం ఆడొచ్చు. మీ ఇంట్లో పట్టింపు లేకపోతేనే సుమా.

పెట్రోలు దగ్గర అందరూ తప్పులో పడతారు. ఆంధ్రాలో పెట్రోలు ఖరీదు ఎక్కువ, ఇది వాస్తవం. ఇక్కడ వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, పైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. శాతం చూస్తే వాళ్లదే ఎక్కువ అనిపిస్తుంది, బంకు దగ్గర చూస్తే మనదే రెండు రూపాయలు ఎక్కువ. అందుకే హైదరాబాద్ వెళ్లే కార్లు గరికపాడు దాటాక కోదాడ వైపు బంకులో ఆగుతాయి. అయితే దీన్ని పట్టుకుని ఆంధ్రాలో బండి ఖర్చు ఎక్కువ అనడం ఏం లెక్క? మీరు ఇప్పుడు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతున్నారు. 2025 మేలో ఛార్జీలు పెంచి గరిష్ఠం 69 చేశారు కదా, రానూపోనూ 138, నెలకు 22 రోజులకు మూడు వేలు. పటమట నుంచి మంగళగిరికి బైకు మీద రోజుకు ముప్ఫై కిలోమీటర్లలోపే. లీటరుకు 45 ఇచ్చే బండి అయితే నెలకు పద్నాలుగు లీటర్లు, పదిహేను వందల పైచిలుకు. లీటరు ఖరీదైన ఊళ్లోనే మీ ప్రయాణం ఖర్చు సగమవుతోంది. పైగా రోజుకు రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలకు నేను ధర కట్టలేను, మీరే కట్టుకోండి. బాక్సు కట్టుకెళ్లే ఓపిక కూడా వస్తుంది, మధ్యాహ్నం బయట తినే డబ్బులు కొంత తగ్గుతాయి.

కరెంటు సరిగ్గా దీనికి తిరగబడుతుంది. ఇక్కడ రేటు తక్కువ, బిల్లు ఎక్కువ. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం ఆంధ్రాలో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఎన్ని యూనిట్లు కాల్చినా మొదటి శ్లాబుల చౌక రేటు అలాగే ఉంటుంది. తెలంగాణలో 200 దాటితే ఆ చౌక రేట్లు పోతాయి, మొదటి 200కూ 5.10 పడుతుంది, 300 దాకా 7.70. నెలకు 300 యూనిట్లు కాలిస్తే కేవలం యూనిట్ల మీద ఇక్కడ 1,673, అక్కడ 1,790. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు ఛార్జీలు వేరే. ఆ సర్దుబాటు ఈ మధ్య ఏళ్లలో ఇక్కడ బాగానే బాదారు, ఈ నూరు రూపాయల తేడా దాంట్లో కొట్టుకుపోయింది.

అసలు సంగతి యూనిట్లు. హైదరాబాద్ దక్కను పీఠభూమి మీద ఉంది, సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన. ఏప్రిల్లో కూడా అర్ధరాత్రి దాటాక కిటికీ తీస్తే గాలి వస్తుంది. విజయవాడలో ఆ గాలి రాదు. కొండల మధ్య, నది ఒడ్డున ఉక్కపోత. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ కార్తె రాకముందే పగులుతాయి. ఏసీ వేసవిలోనే కాదు, వర్షాలు సరిగ్గా పడకపోతే సెప్టెంబరు దాకా నడుస్తుంది. వనస్థలిపురంలో మేలో 300 యూనిట్లు కాల్చే ఇల్లు ఇక్కడ 450 కాల్చడం మామూలే, అప్పుడు యూనిట్లకే మూడు వేలు దాటుతుంది. రెండో గదికి కూడా ఏసీ కొనాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి. టాప్ ఫ్లోర్ ఫ్లాటు అద్దె తక్కువని తీసుకుంటే ఆ తక్కువంతా కరెంటు బిల్లులో కట్టేస్తారు.

కూరగాయలు, బియ్యం, చేపల విషయంలో విజయవాడది పైచేయే, కానీ మీరు అనుకున్నంత కాదు. పటమట రైతుబజారుకు పొద్దున్నే వెళ్లే అలవాటుంటే మిగులుతుంది, సాయంత్రం ఇంటికి తెప్పించే యాప్‌లో కొంటే హైదరాబాద్ ధరే. చేపలు, రొయ్యలు కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల నుంచి వస్తాయి కాబట్టి తాజావి, చౌక. కారం, పసుపు, చింతపండు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కునే ఇల్లయితే లాభం కనిపిస్తుంది: గుంటూరు మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొని ఆడించుకుంటారు, దుగ్గిరాల పసుపు మీ తెనాలి పక్కనే. బియ్యం మాత్రం పాత సోనా మసూరి రెండు చోట్లా ఇంచుమించు ఒకే ధర. బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో గమనించారా? 2022 జులై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు, మిల్లులవాళ్లు ఒక కిలో కలిపి బయటపడ్డారు. మీకు తెనాలి నుంచి ఇంటి బియ్యం, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు వారం వారం వచ్చే అవకాశం ఉంది, దాని విలువ నెలకు పదిహేను వందలైనా ఉంటుంది. పనిమనిషి జీతం కూడా ఇక్కడ కొంత తక్కువ.

ఇక ఏ కాలిక్యులేటరూ చూపించని పద్దు. బంధువులు.

హైదరాబాద్‌లో ఉన్నంతకాలం మీకు ఒక మంచి సాకు ఉంది. పెళ్లికి పిలిస్తే దూరం, సెలవు లేదు అని ఫోన్‌పేలో పదకొండు వందల పదహార్లు పంపి ఊరుకుంటారు. విజయవాడ వచ్చాక ఆ సాకు చెల్లదు. తెనాలి, గుడివాడ, ఏలూరు, నరసరావుపేట అన్నీ గంటా రెండు గంటల దూరం. నిశ్చితార్థం, పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్, పెద్దకర్మ అన్నింటికీ మనిషి కనబడాలి, వెళ్లాక చదివింపులు చదివించాలి, దగ్గరివాళ్లయితే బట్టలు పెట్టాలి. మాఘమాసం, వైశాఖం నెలల్లో ఇది నాలుగైదు వేలకు తక్కువ కాదు. పైగా విజయవాడ జంక్షన్. అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు, తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు, పిల్లాడిని కాలేజీ హాస్టల్లో చేర్చడానికి వచ్చేవాళ్లు... దసరా పది రోజులు మీ ఇల్లు సత్రమే. ఇష్టంగా చేసుకునేవాళ్లకు ఇది సంతోషమే, నాకూ సంతోషమే, కానీ నెల ఖర్చులో సగటున మూడు వేలు వేసుకోండి.

దీనికి ఎదురుగా మీరు ఇప్పుడు తెనాలి వచ్చిపోయే ఖర్చు పోతుంది. కారులో రానూపోనూ పెట్రోలే నాలుగు వేల దాకా అవుతుంది, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు అదనం. నెలకోసారి వస్తున్నామన్నారు కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. ఒకవేళ మారకూడదని నిర్ణయించుకుంటే, 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. మొదలైనప్పుడు 3,000కు 200 ట్రిప్పులు ఇచ్చారు, అంటే గేటు దాటిన ప్రతిసారీ 15 రూపాయలే పడింది. రానూపోనూ ఆరు గేట్లు, పన్నెండు నెలలకు 72. మిగతావి వేరే ప్రయాణాలకు పనికొస్తాయి.

సంక్షేమ పథకాల గురించి అడిగారు. మీ ఇద్దరి ఆదాయానికి రేషన్ కార్డు రాదు కాబట్టి అక్కడి 200 యూనిట్ల ఉచిత కరెంటు గానీ, ఇక్కడి మూడు ఉచిత గ్యాసు సిలిండర్లు గానీ మీ లెక్కలోకి రావు. ఒక్కటే వస్తుంది, ఆడవాళ్లకు ఉచిత బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఇక్కడ 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. మీ ఆవిడ ఇప్పుడు స్కూలుకు ఆర్టీసీలోనే వెళ్తుంటే ఇక్కడా అది కొనసాగుతుంది, కాకపోతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో ఆంధ్రా చిరునామా ఉండాలి. మారిన వారంలోనే చేయించండి.

కారుది ఇంకో పని. టీఎస్ నంబరు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు వేయించుకోవాలి. అక్కడి ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ), ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ ముందు ఇక్కడ కట్టి ఆ తర్వాత అక్కడ అడగాలి. కారు పాతదైతే అమ్మేసి ఇక్కడ సెకండ్ హ్యాండ్ కొనుక్కోవడమే తేలిక. ఎన్ఓసీ కోసం తిరగడం కంటే నయం.

ఇప్పటిదాకా చెప్పిందంతా కలిపితే. మీ జీతంలో తగ్గేది 14 వేలు. మీ ఆవిడకు ఇక్కడ టీచరు ఉద్యోగం దొరుకుతుంది, ఈ ఊళ్లో స్కూళ్లకు కొదవ లేదు. అయితే అదే అనుభవానికి నాలుగైదు వేలు తక్కువ ఇస్తారు, జూన్‌లో చేరకపోతే మధ్యలో దొరకడం కష్టం. అంటే ఇంటికి వచ్చే డబ్బు 18, 19 వేలు తగ్గుతుంది. మిగిలేవి చూస్తే ప్రయాణం, మధ్యాహ్నం భోజనం కలిపి మూడు వేలు, తెనాలి రాకపోకలు నాలుగు వేలు, తిండి, పనిమనిషి కలిపి రెండు మూడు వేలు, అద్దెలో మహా అయితే వెయ్యి. పది, పదకొండు వేలు. దాంట్లోంచి కరెంటు, చదివింపులు తీసేస్తే ఏడు వేలు. నెలకు పదకొండు, పన్నెండు వేలు లోటు. డబ్బు కోసమే మారాలనుకుంటే మారకండి. అమ్మానాన్నకు దగ్గరగా ఉండాలని, రోజూ చీకటి పడకముందే ఇంటికి రావాలని మారాలనుకుంటే దానికి నెలకు పదకొండు వేలు ఖరీదు పెడుతున్నామని తెలిసి మారండి. కంపెనీని 88 అడగండి. 85 దగ్గర ఒప్పుకోవచ్చు, అంతకంటే దిగితే నా ఓటు వద్దనే.

ఇంకో భయం కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే అదే మెట్రో లైన్లో ఇంకోటి వెతుక్కుంటారు. మంగళగిరిలో పోతే మళ్లీ సామాను కట్టి వనస్థలిపురం రావాలి, ఆ ఏడాది పిల్లల ఫీజు పోయినట్టే. కాబట్టి ఇక్కడికి వచ్చేవాళ్లు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని రావాలంటాను.

ఇంతకంటే పెద్ద లెక్క మీ పెద్దవాడిది. మీ ప్రశ్నలో దీన్ని అడగనే లేదు. విభజన చట్టం ప్రకారం పదేళ్ల పాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాలు 2024 జూన్ 2తో అయిపోయాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ గానీ మెడిసిన్ గానీ కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపేవాటిలో, 85 శాతం సీట్లు ఆ రాష్ట్రపు లోకల్ వాళ్లకే. లోకల్ అంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు అక్కడ చదవడం. తెలంగాణ ఎంబీబీఎస్ సీట్లకు ఈ నాలుగేళ్ల నిబంధనను 2024లో జీవో 33తో గట్టిగా బిగించింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

మీవాడు ఇప్పుడు 8లో ఉన్నాడు. వచ్చే జూన్‌లో 9వ తరగతి ఇక్కడ చేరితే ఇంటర్ అయ్యేసరికి సరిగ్గా నాలుగేళ్లు, ఆంధ్రా లోకల్. విజయవాడ, గుంటూరు రెండూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకే వస్తాయి. అదే ఒక్క ఏడాది ఆలస్యం చేసి 10లో తీసుకొచ్చారనుకోండి, తెలంగాణ నాలుగేళ్లు పూర్తికావు, ఇక్కడా వరుసగా నాలుగు రావు. అప్పుడు ఏడేళ్లలో ఎక్కడ ఎక్కువ చదివాడన్న లెక్కలోకి వెళ్లి, రెండు ప్రభుత్వాల జీవోల మధ్య ఇరుక్కుంటాడు. కన్వీనర్ కోటా మెడికల్ సీటు ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది, మేనేజ్‌మెంట్ సీటు లక్షల్లో. పెట్రోలు రెండు రూపాయల గురించి ఆలోచించేవాళ్లు దీని గురించి ఆలోచించరేమిటని నాకు ఆశ్చర్యం. కాబట్టి మారితే ఈ విద్యా సంవత్సరం చివరే మారండి, లేదా వాడి ఇంటర్ అయ్యాక మారండి. మధ్యలో వద్దు. చిన్నదానికి ఇంకా బోలెడు టైముంది.

ఆసుపత్రి ఖర్చు గురించి ఒక మాట. పెద్దవాళ్లున్నారు కాబట్టి ఇది మీకు ప్లస్సే. మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ చీటీకి నామమాత్రమే, క్యూలో నిలబడే ఓపిక ఉండాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ విభాగం వచ్చాక ఆ జబ్బుకు ప్రతిసారీ హైదరాబాద్ పరుగెత్తే అవసరం చాలామందికి తగ్గింది. ప్రైవేటు డాక్టర్ల ఫీజు కూడా ఇక్కడ కాస్త తక్కువ. అమ్మానాన్నకు వేరుగా ఆరోగ్య బీమా తీసుకోకపోయి ఉంటే ఉద్యోగం మారేలోపే తీసుకోండి. పాత కంపెనీ గ్రూపు బీమా మీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది.

చివరగా, విజయవాడా గుంటూరా అన్నారు. ఆఫీసు మంగళగిరిలో కాబట్టి దూరంలో విజయవాడదే మేలు. గుంటూరు నుంచి కారులో వస్తే కాజ టోల్‌గేటు దారిలోనే ఉంది, రోజూ కట్టాలి. దగ్గరి ఊళ్లవాళ్లకు నెలవారీ పాస్ ఇస్తారనుకోండి, బైకుకైతే టోలు లేదు. అరండల్‌పేట, బ్రాడీపేట, విద్యానగర్ అద్దెలు విజయవాడ కంటే కొంచెం తక్కువే, స్కూళ్లూ బాగుంటాయి. విజయవాడ వైపు నుంచి అయితే పొద్దున తొమ్మిదింటికి వారధి మీద ట్రాఫిక్ ఒక్కటే తలనొప్పి.

కానీ మీరు అడగని మూడో ఊరు ఒకటుంది, తెనాలి. సొంత ఇల్లు, అద్దె లేదు. దుగ్గిరాల మీదుగా మంగళగిరికి బైకు మీద ముప్పావు గంట. ఆ 17 వేలు మిగిలితే నేను పైన చెప్పిన లోటు మొత్తం పూడి, పైన నాలుగైదు వేలు నిలుస్తుంది. 78కి కూడా రావచ్చు. కాగితం మీద ఇదే అన్నిటికంటే మంచి లెక్క. అయితే ఈ లెక్కలో మీ ఆవిడ ఉద్యోగం, అత్తగారింట్లో ఉండటానికి ఆవిడ ఇష్టం రెండూ ఉన్నాయి. ఆవిడను అడగకుండా కంపెనీకి ఊఁ అనకండి.

ఏ ఊరైనా సరే, వస్తున్నారంటే జాయినింగ్ డేటు మే నెలకు అడగండి. హైదరాబాద్ స్కూలు నుంచి పిల్లలిద్దరి టీసీతో పాటు చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్లు, స్టాంపు, సంతకంతో, ఏప్రిల్ ఆఖరి పనిదినంలోపే తీసుకోండి. వేసవి సెలవుల్లో వెళ్తే సంతకం పెట్టేవాళ్లు ఉండరు.